సంతకం సంగతి ముందు, సిలబస్ సంగతి తర్వాత

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది అనంతపురం దగ్గర పల్లె. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున మా ఊరికి వచ్చిపోయే స్పెయిన్ వాళ్ల మాటలు వింటూ పెరిగాను. ఆ భాష మీద మోజు అలా పట్టుకుంది. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ ఎం.ఏ. చేసి, ఇప్పుడు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. థీసిస్ స్పానిష్ రచయిత ఉనమునో నవలల మీద. మిడ్‌వెస్ట్‌లో ఒక క్రైస్తవ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ నన్ను క్యాంపస్ ఇంటర్వ్యూకి పిలిచింది. రెండో సెమిస్టర్ విద్యార్థులకు ఒక క్లాసు చెప్పి చూపించాలట. దాంతోపాటు నా విశ్వాసం గురించి రెండు పేజీలు రాసి పంపమన్నారు. మాది సీఎస్ఐ కుటుంబం. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ అన్నీ అయ్యాయి గానీ కొన్నేళ్లుగా చర్చికి వెళ్లేది క్రిస్మస్‌కే. నమ్మకం లేదని కాదు, ఉందని గట్టిగా చెప్పలేను. "నాలుగు మంచి వాక్యాలు రాసి పడేయ్, ఉద్యోగం వచ్చాక ఎవరడుగుతారు" అంటున్నారు ఫ్రెండ్స్. నమ్మకం పోయిన ఫాదర్ కథ మీద థీసిస్ రాసినదాన్ని అక్కడ ఎలా నెగ్గుకొస్తాను? స్పానిష్ సాహిత్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పనిస్తారా? ఇండియన్ వచ్చి స్పానిష్ చెప్పడమేంటని చూస్తారేమోనని ఇంకో టెన్షన్. (పేరు వద్దన్నారు)

జవాబు: ఫ్రెండ్స్ మాట వినకండమ్మా. ఉద్యోగం వచ్చాక ఎవరూ అడగరు అనుకోవడం వాళ్ల అమాయకత్వం. చాలా కాలేజీల్లో అడుగుతారు, కొన్నింట్లో ఏటా అడుగుతారు. ఇలాంటి కాలేజీలో చాలాకాలం స్పానిష్ చెప్పినదాన్ని కాబట్టి ముందు ఆ రెండు పేజీల సంగతే మాట్లాడతాను. క్లాసులో ఏం చెప్పాలన్నది దానికంటే తేలిక.

"క్రైస్తవ కాలేజీ" అని మీరు ఒక్క ముక్కలో రాశారు గానీ అమెరికాలో ఆ పేరు కింద రకరకాలవి ఉన్నాయి. మిన్నెసోటాలో సెయింట్ ఓలాఫ్ ఉంది, 1874లో నార్వే నుంచి వచ్చిన లూథరన్లు పెట్టుకున్నది. అక్కడ చాపెల్ ఉంటుంది, మతం కోర్సులు ఉంటాయి, మేష్టార్లు మాత్రం లూథరన్లే కానక్కర్లేదు. ఇంకో వైపు ఇల్లినాయ్‌లో వీటన్ కాలేజీ ఉంది, 1860 నాటిది. అక్కడ అధ్యాపకులు విశ్వాస ప్రకటన మీద ఏటా సంతకం చేస్తారు. 2004లో అక్కడి ఫిలాసఫీ మేష్టారొకాయన రోమన్ కాథలిక్ అయ్యారు. ఆ ప్రకటన మీద ఇప్పటికీ సంతకం చేయగలనని ఆయన అన్నారు, కాలేజీ ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. మన ఊళ్లలో ఆర్సీఎం వాళ్లు, సీఎస్ఐ వాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర కాస్త గునిసినా పండక్కి ఒకరింట్లో ఒకరు తింటారు. వీటన్ లాంటి ఇవాంజెలికల్ కాలేజీల్లో ఆ గీత ఉద్యోగం దాకా వస్తుంది. మీరు చెప్పబోయే సాహిత్యంలో ముప్పాతిక వంతు కాథలిక్కులు రాసిందే కాబట్టి ఈ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి.

క్రైస్తవ కాలేజీల కౌన్సిల్ ఒకటి వాషింగ్టన్‌లో ఉంది, సీసీసీయూ అంటారు. అందులో సభ్యత్వం ఉన్న కాలేజీలు పూర్తికాలం అధ్యాపకులుగా క్రైస్తవ విశ్వాసం ప్రకటించినవాళ్లనే తీసుకుంటాయి. చట్టం కూడా అడ్డురాదు. 1964 నాటి పౌరహక్కుల చట్టమే మత సంస్థలకు తమ మతంవాళ్లను ఎంచుకునే వెసులుబాటు ఇచ్చింది. మిమ్మల్ని పిలిచిన కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. తర్వాత డిపార్ట్‌మెంట్ ఛైర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి: అధ్యాపకులు సంతకం చేయాల్సిన పత్రం పూర్తి పాఠం పంపగలరా, ఒక్కసారే చేయాలా ఏటా చేయాలా, పాఠ్యాంశాల మీద మతపరమైన పరిమితులేమైనా ఉంటే రాతపూర్వకంగా చెప్పగలరా అని. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. అమెరికా ప్రొఫెసర్ల సంఘం 1940లో చేసిన ప్రకటనలోనే ఉంది, మతం కారణంగా బోధనా స్వేచ్ఛకు ఏమైనా హద్దులుంటే వాటిని నియామకం నాడే రాతలో స్పష్టం చేయాలని. అడిగినవాళ్లను మంచి కాలేజీలు గౌరవిస్తాయి. విసుక్కునే కాలేజీ అయితే ఆ విసుగు ఇంటర్వ్యూకి ముందే మీకు తెలియడం మంచిదే కదా.

ఆ పత్రం చేతికొచ్చాక తీరిగ్గా కూర్చుని చదవండి, ఒక్కో వాక్యం దగ్గర ఆగి. మీరు రాసిన మాటల్లో "నమ్మకం లేదని కాదు" అన్నది ముందు వచ్చింది, "గట్టిగా చెప్పలేను" అన్నది తర్వాత వచ్చింది. ఈ రెంటిలో ఏది మీ అసలు మాటో నేను తేల్చలేను, మీరే తేల్చుకోవాలి. సందేహాలున్న విశ్వాసి వేరు, విశ్వాసం లేకుండా ఉన్నట్టు రాసే మనిషి వేరు. మొదటి రకం వాళ్లు ఆ కాలేజీల్లో బోలెడుమంది ఉన్నారు, పాస్టర్లతో సహా. అలాంటివాళ్లయితే ఆ రెండు పేజీల్లో సండే స్కూలు నుంచి ఇప్పటిదాకా జరిగిందే రాయండి. చర్చికి వెళ్లడం తగ్గిందన్నది కూడా రాయండి. వాళ్లు అలవాటుగా వినే "సాక్ష్యం" బాణీలో లేదని కంగారు పడక్కర్లేదు. పత్రంలో ఏదైనా వాక్యం గొంతులో అడ్డం పడితే, ఇంటర్వ్యూలో డీన్‌తో ఆ వాక్యం చూపించి "ఇక్కడ నాకు ఇలా అనిపిస్తోంది, మీరు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు" అని అడగండి. అసలు నమ్మకమే లేదని మీకు తేలిందా, అప్పుడు ఈ ఉద్యోగం మీది కాదు. సెయింట్ ఓలాఫ్ లాంటివి, మతంతో సంబంధం లేనివి ఇంకా ఉన్నాయి.

ఫ్రెండ్స్ చెప్పినట్టు చేస్తే ఏమవుతుందో మీకంటే బాగా తెలిసినవాళ్లెవరు? మీ థీసిస్ అదే కదా. ఆ నవల చదవని పాఠకుల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఉనమునో 1931లో అచ్చువేసిన ఆ చిన్న నవలలో దొన్ మాన్వెల్ అని ఒక ఫాదర్ ఉంటాడు. సరస్సు ఒడ్డున ఒక పల్లె, ఆ పల్లెకి ఆయనే దిక్కు. ఆదివారం జనమంతా ఒక్క గొంతుతో విశ్వాస ప్రమాణం చెబుతారు. "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును నమ్ముచున్నాను" అనే చోటికి రాగానే ఆయన గొంతు సరస్సులో మునిగినట్టు జనం గొంతులో మునిగిపోతుంది. అంటే ఆయన నోరు మూసుకుంటాడు. చచ్చాక ఏమీ లేదని ఆయన అనుమానం. అది ఊరికి తెలిస్తే జనం బతకలేరని దాచిపెడతాడు. ఆయనైనా ఊరి కోసం దాచాడు. మీరు జీతం కోసం దాస్తారు, ఏటా సెప్టెంబరులో సంతకం పెడుతూ. వద్దమ్మా.

ఇక్కడొక పక్కమాట. మీరు వెళ్లేది కాల్వినిస్టు సంప్రదాయపు కాలేజీ అయితే, ఉదాహరణకు మిషిగన్‌లో 1876లో మొదలైన కాల్విన్ లాంటిది, ఆ పత్రాల్లో బెల్జిక్ విశ్వాస ప్రకటన ఉంటుంది. దాన్ని 1561లో గీడో ద బ్రే అనే పాస్టరు రాశాడు. అప్పుడు ఆయన ఉండే నెదర్లాండ్స్ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఏలుబడిలో ఉంది. మేం రాజద్రోహులం కాదు, మా నమ్మకం ఇదీ అని ఆ రాజుకే విన్నవించుకున్న కాగితం అది. 1567లో ఆయన్ని ఉరితీశారు. అంటే మీచేత సంతకం పెట్టించే కాగితమే మీ సబ్జెక్టులో భాగమన్నమాట. ఇంటర్వ్యూలో ఈ మాట అంటే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరైనా తలెత్తి చూస్తారు.

ఇక సాహిత్యం సంగతి. స్పానిష్ క్లాసిక్కులకు క్రైస్తవ కాలేజీ కంటే మంచి క్లాసు దొరకదని నా గట్టి అభిప్రాయం. మీరిప్పుడు పాఠాలు చెబుతున్న స్టేట్ యూనివర్సిటీలో "తప్పిపోయిన కుమారుడు" అంటే సగం మందికి ఫుట్‌నోట్ పెట్టాలి. ఇక్కడ అక్కర్లేదు. లాసరో అని పేరు వినగానే "ఏ లాజరు? సమాధిలోంచి లేచినవాడా, ధనవంతుడి గుమ్మం దగ్గర పడి ఉన్నవాడా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న మీద ఒక క్లాసంతా నడపొచ్చు, ఎందుకంటే ఉనమునో నవలలోనూ ఒక లాసరో ఉన్నాడు, 1554లో వచ్చిన లాసరీయో అనే చిన్న నవలలోనూ ఒకడున్నాడు.

పైగా ఆ సాహిత్యం రాసినవాళ్లు మతంలోపల కూర్చుని రాసి, మతంచేతే దెబ్బలు తిన్నవాళ్లు. పరమగీతాన్ని స్పానిష్‌లోకి తెచ్చినందుకు, లాటిన్ బైబిల్‌లో తప్పులున్నాయన్నందుకు ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్ అనే సన్యాసి కవిని 1572 నుంచి 1576 దాకా ఇంక్విజిషన్ అనే మత విచారణ కోర్టు వాళ్లు జైల్లో పెట్టారు. సాన్ హువాన్ దె లా క్రూస్‌ని సొంత మఠంవాళ్లే 1577 చివర్లో ఎత్తుకెళ్లి తొలేదోలో చీకటి గదిలో వేశారు. స్పానిష్‌లో సాటిలేని ప్రేమ కవిత్వం ఆ గదిలో మొదలైంది. వంటింట్లో గిన్నెల మధ్య కూడా ప్రభువు తిరుగుతుంటాడని సాంతా తెరేసా అంటే, అరిస్టాటిల్ వంట చేసి ఉంటే ఇంకా ఎక్కువ రాసేవాడని మెక్సికో సన్యాసిని సోర్ హువానా 1691లో ఒక బిషప్పుకి జవాబు రాసింది. ఆ బిషప్పు ఆడపేరు పెట్టుకుని ఆమెకి నీతులు చెప్పాడు. దానికి ఆమె వేసిన మొట్టికాయ అది. ఇవన్నీ చదవడానికి ఎవరు అభ్యంతరం చెబుతారు?

అభ్యంతరాలు ఇంకో చోట వస్తాయి. "ఇంతకీ కాథలిక్కులు క్రైస్తవులేనా?" అని రెండో వారంలోనే ఎవరో ఒక పిల్లాడు అడుగుతాడు, చాలా మర్యాదగా. వాదనకి దిగకండి. తెరేసా పుస్తకంలో ఒక పేజీ ఇచ్చి, ఇందులో మీ పాస్టరు గారు ఒప్పుకోనిది ఏ వాక్యమో గీత గీయమనండి. గీయడానికి చాలాసేపు వెతుక్కుంటారు. అలాగే లాసరీయోలో పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే మోసగాడి అధ్యాయం చదివి తెగ నవ్వుతారు, లూథర్ చెప్పింది నిజమే అని. నవ్వనివ్వండి. 1559లో స్పెయిన్ ఆ పుస్తకాన్ని నిషేధించిందని, 1573లో ఆ అధ్యాయం తీసేసి మళ్లీ అచ్చువేశారని చెప్పండి. ఆ మర్నాడు లాస్ కాసాస్ పుస్తకం తీయండి. అమెరికాలో స్పానిష్‌వాళ్లు చేసిన దారుణాల మీద స్పానిష్ పాద్రీయే 1552లో రాసుకున్న ఫిర్యాదు అది. దాన్ని 1598లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దె బ్రీ కుటుంబం భయంకరమైన బొమ్మలతో అచ్చువేసింది. ప్రొటెస్టెంట్ దేశాలు ఆ బొమ్మలు చూపించి స్పెయిన్‌ని వందేళ్లు తిట్టాయి, తమ వలసల్లో తాము చేస్తున్నది మాత్రం ఏ పుస్తకంలోనూ వేయకుండా. ఈ రెండు క్లాసులూ వెంటవెంటనే జరిగితే ఆ నవ్వు ఎటు తిరగాలో అటు తిరుగుతుంది.

స్పెయిన్‌లో ప్రొటెస్టెంట్లు ఉండేవాళ్లన్న సంగతే చాలామంది పిల్లలకు తెలియదు. సెవిల్ పక్కన సాన్ ఇసిదోరో దెల్ కాంపో మఠం నుంచి 1557లో పారిపోయిన కాసియోదోరో దె రెయీనా అనే సన్యాసి 1569లో బాసెల్‌లో మొత్తం బైబిల్‌ని స్పానిష్‌లో అచ్చువేయించాడు. మనిషి దొరక్కపోతే సెవిల్‌లో ఆయన దిష్టిబొమ్మని తగలబెట్టారు. దాన్నే 1602లో వలేరా సవరించాడు. ఈనాడు స్పానిష్ మాట్లాడే ఇవాంజెలికల్ చర్చిల్లో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆ బైబిల్ 1960 కూర్పే.

ఇది మీకు చరిత్రగానే కాదు, భాష క్లాసులోనూ పనికొస్తుంది. మీ క్లాసులో మెక్సికో, గ్వాతెమాలా కుటుంబాల పిల్లలు ఉంటారు, ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషు. "మీరంతా" అనడానికి స్పెయిన్‌లో వాడే "వోసోత్రోస్" రూపాలు వీళ్లింట్లో వినపడవు, అందుకని పాఠ్యపుస్తకాలు కూడా వదిలేయమంటాయి. కానీ చర్చిలో పెరిగిన పిల్లని అడిగి చూడండి, మత్తయి 11:28 టకటకా చెబుతుంది: "వెనీద్ ఆ మీ తోదోస్ లోస్ కె ఎస్తాయిస్ త్రబహాదోస్ ఇ కర్గాదోస్". మొత్తం వోసోత్రోసే. మీకు ఇది వింత కాదు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అని అనంతపురంలో బజారులో ఎవరూ మాట్లాడరు, సండే స్కూలు పిల్లలకి మాత్రం నోటికొచ్చు. తన స్పానిష్ వంటింటి స్పానిష్ అని సిగ్గుపడే ఆ పిల్లకి, పదహారో శతాబ్దపు వ్యాకరణం తనకి ఆసరికే వచ్చని మీరు చూపించగలరు. అక్కణ్నుంచి "దొన్ కిహోతె" రాసిన సెర్వాంతెస్‌కి అట్టే దూరం లేదు.

ఒక హెచ్చరిక. కొన్ని కాలేజీల్లో క్లాసు ప్రార్థనతో మొదలుపెట్టడం ఆనవాయితీ. స్పానిష్‌లో పరలోక ప్రార్థన చెప్పిస్తే బాగుంటుంది, అందులో సబ్జంక్టివ్ రూపాలు, అంటే కోరికను చెప్పే క్రియారూపాలు కూడా దండిగా ఉన్నాయి. అలాగని ప్రార్థన మధ్యలో ఆపి "ఇందులో క్రియ ఏ రూపం?" అని అడగకండి. అది చూసి నొచ్చుకునే పిల్లలు మీకు చెప్పరు, వాళ్లలో వాళ్లు చెప్పుకుంటారు.

విద్యార్థుల్లో చాలామంది స్పానిష్ ఎందుకు తీసుకున్నారంటే డిగ్రీకి రెండు మూడు సెమిస్టర్ల విదేశీ భాష కావాలి కాబట్టి. కొందరు సెలవుల్లో హోండురాస్‌కో మెక్సికోకో మిషన్ ట్రిప్పుకి వెళ్తారు కాబట్టి. వారం రోజులు ఇల్లు కట్టి, పిల్లలతో ఫొటోలు దిగి వస్తారు. వెక్కిరించడం తేలిక, వెక్కిరించకండి. ఎవరైనా ఆపేక్షతో నేర్చుకోవడానికి వచ్చారంటే అది వాళ్లే. కాల్విన్‌లో పనిచేసిన డేవిడ్ స్మిత్, బార్బరా కార్విల్ అనే ఇద్దరు భాషా ఆచార్యులు 2000లో ఒక పుస్తకం రాశారు. పరాయివాడు మన గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆదరించడానికీ, పరాయి ఊళ్లో మనం బుద్ధిగా మసలుకోవడానికీ భాష నేర్చుకోవాలని వాళ్ల వాదన. సంపాదన కోసమో, మన మాట అవతలివాళ్లకి ఎక్కించడం కోసమో కాదని. ఈ కాలేజీల్లో స్పానిష్ చెప్పేవాళ్లు ఆ పుస్తకం పేరు ఎత్తకుండా ఉండరు కాబట్టి ఇంటర్వ్యూకి ముందు చదివి వెళ్లండి. ట్రిప్పులకి వెళ్లే పిల్లలకి నేనైతే 1511 డిసెంబరులో కరీబియన్ దీవిలోని సాంతో దొమింగోలో మోంతెసీనోస్ అనే పాద్రీ ఇచ్చిన ప్రసంగం చదివిస్తాను. చర్చిలో ముందు వరసల్లో కూర్చున్న స్పానిష్ దొరల మొహాన "వీళ్లు మనుషులు కారా?" అని అడిగాడు, ద్వీపవాసులను ఉద్దేశించి. దొరలు ఆ సాయంత్రమే గొడవకి వచ్చారు. మరుసటి ఆదివారం వెనక్కి తీసుకుంటాడనుకుంటే ఇంకా గట్టిగా చెప్పాడు. ప్రసంగాలు వింటూ పెరిగిన పిల్లలు దీన్ని చదివే తీరే వేరు.

మీ ఉనమునోని ఎలా చెప్పాలి? దాచకుండా చెప్పండి. ఇంటర్వ్యూలో థీసిస్ గురించి అడుగుతారు, ఆ సంగతి మెత్తబరచి చెప్పే ప్రయత్నం చేయకండి. ఆ నవల విశ్వాసాన్ని ఎగతాళి చేయదు. నమ్మలేకపోవడం ఒక మనిషిని ఎంత నమిలేస్తుందో చెబుతుంది. ఆ తేడా ఆ గదిలో ఉన్నవాళ్లకి మీరు విడమరచనక్కర్లేదు. కావాలంటే ఇంకో ముక్క చెప్పండి, 1957లో వాటికన్ ఉనమునో పుస్తకాలు రెండింటిని నిషేధ జాబితాలో పెట్టింది, ఈ నవల అందులో లేదు.

క్లాసులో మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. ఆ విశ్వాస ప్రమాణం సీను చదివిన రోజు పాస్టర్ల పిల్లలు మాట్లాడరు. ఇంట్లో నాన్న గారిని తలుచుకుంటారు కాబోలు. అందుకని చర్చకి ముందే ఒక పేజీ స్పానిష్‌లో రాసి తెమ్మనండి. "మీకు నమ్మకం ఉందా" అని పొరపాటున కూడా అడక్కండి. కథ చెబుతున్న ఆంహెలా గురించి అడగండి. బిషప్పు దొన్ మాన్వెల్‌ని పునీతుల వరసలో చేర్చే పని మొదలుపెట్టాడు, నిజం ఆమెకి తెలుసు, రాసిపెట్టింది గానీ బిషప్పుకి చెప్పలేదు. చెప్పాలా వద్దా? ఈ ప్రశ్నకి క్లాసు రెండుగా చీలుతుంది, ఎవరి గుండెలోకీ మనం తొంగిచూసినట్టు ఉండదు. తర్వాత ఒకరో ఇద్దరో మీ గదికి వచ్చి తలుపు దగ్గరగా వేస్తారు. వినండి. మీరు పాస్టరు కాదు, కౌన్సెలరూ కాదు. చాపెల్ చూసుకునే ఆయనో ఆవిడో ఎలాంటి మనుషులో మొదటి నెలలోనే తెలుసుకుని ఉంచుకోండి.

ఒళ్లూ మంచమూ ఉన్న పుస్తకాలంటారా, సెలెస్తీనా, గార్సియా మార్కెస్ వగైరా. పై క్లాసుల్లో చెప్పొచ్చు, సిలబస్‌లో ఒక వాక్యం రాసి, ఛైర్‌కి ముందే చెప్పి ఉంచాలి. తల్లిదండ్రుల ఫోను వచ్చేసరికి ఛైర్‌కి ఆ సంగతి కొత్తగా ఉండకూడదు. మొదటి ఏడాదే అదే పుస్తకంతో మొదలుపెట్టాలన్న పట్టుదల మాత్రం అనవసరం.

డెమో క్లాసుకి థీసిస్ తీయకండి, రెండో సెమిస్టర్ పిల్లలు బిక్కమొహం వేస్తారు. వాళ్లు ఆ సమయానికి రెండు భూతకాలాల మధ్య కొట్టుమిట్టాడుతుంటారు. లాసరీయోలో ద్రాక్షపళ్ల ఘట్టం తీసుకోండి. గుడ్డివాడికీ కుర్రాడికీ ఒక ద్రాక్షగుత్తి దొరుకుతుంది. నువ్వొకటి నేనొకటి, ఇద్దరం మోసం చేసుకోకుండా తిందామని ఒప్పందం. రెండో విడతకే గుడ్డివాడు రెండేసి తీయడం మొదలుపెడతాడు. కుర్రాడు చూసి మూడేసి మింగుతాడు. గుత్తి అయిపోయాక గుడ్డివాడు తల ఊపి అంటాడు: "సాబెస్ ఎన్ కె వేయో కె లాస్ కొమిస్తె త్రేస్ ఆ త్రేస్? ఎన్ కె కొమీయా యో దోస్ ఆ దోస్ ఇ కయ్యాబాస్." నువ్వు మూడేసి తిన్నావని ఎలా కనిపెట్టానో తెలుసా? నేను రెండేసి తింటుంటే నువ్వు నోరెత్తలేదు కదా! అయిపోయిన పని ఒక రూపంలో, సాగుతున్న పని ఇంకో రూపంలో, రెండూ ఒకే మాటలో పక్కపక్కన ఉన్నాయి. బోర్డు మీద సూత్రం రాయకండి. ఒక కిలో ద్రాక్ష పట్టుకెళ్లి ఇద్దరు పిల్లల చేత ఆడించండి, మిగతావాళ్లని జరుగుతున్నది స్పానిష్‌లో చెప్పమనండి. చివర్లో ఐదు నిమిషాలు ఉంచుకుని ఒక్క ప్రశ్న వేయండి: ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పు? అవతలివాడి తప్పులో మనకీ లాభం ఉంటే నోరు మూసుకోవడం గురించి ఆ పిల్లలు వచ్చీరాని స్పానిష్‌లో మాట్లాడతారు. "విశ్వాసాన్నీ చదువునీ ఎలా కలుపుతారు" అని కమిటీ తర్వాత అడుగుతుంది, ఆ ప్రశ్న తప్పదు. ఇందాక చూశారు కదా అనండి.

ఇండియన్ స్పానిష్ చెప్పడమేంటన్న భయానికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. త, ద, ప, క స్పానిష్‌వాళ్లు పలికినట్టే మన నోట్లో పుట్టుకతోనే ఉన్నాయి, అమెరికన్ పిల్లలు గాలి ఊదుతూ పలికి నానా తంటాలు పడతారు. "మె గుస్తా" అనే వాక్యం వాళ్లకి తలకిందులుగా కనిపిస్తుంది, "నాకు నచ్చింది" అనే మనకి అది మామూలు మాట. పైగా పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లకే, నేర్చుకునేవాళ్లు ఎక్కడ జారతారో తెలుస్తుంది. స్పెయిన్ ఎలా తగులుకుంది అని అడిగితే మీ ఊరి కథ చెప్పండి. ఆర్డీటీ పెట్టిన మనిషి, బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా ఇండియా వచ్చి, 1969లో అనంతపురం చేరి, జెస్యూట్లని వదిలేసినా ఊరిని వదలకుండా 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడని చెబితే, మీ విశ్వాసం గురించి రాసిన రెండు పేజీల కంటే అదే వాళ్లకి ఎక్కువ గుర్తుంటుంది.

ఇక వాళ్లు అడిగేవే కాదు, మీరు అడగాల్సినవీ ఉన్నాయి. వారానికి ఎన్ని క్లాసులు? ఇలాంటి చోట్ల సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు మామూలు, మూడు భాషవి, ఒకటి సాహిత్యం. ఆ ఒక్కదానికీ ఆరుగురే చేరితే రద్దు చేస్తారా? స్పానిష్ మేజర్లు, అంటే అదే ముఖ్య సబ్జెక్టుగా తీసుకున్నవాళ్లు ఎంతమంది? విదేశీ భాష తప్పనిసరి అన్న నియమం ఉంటుందా, ఎత్తేసే ఆలోచన ఉందా? ఈ ప్రశ్న ముఖ్యం. 2016 నుంచి 2021 లోపు అమెరికా కాలేజీల్లో విదేశీ భాషలు తీసుకునేవాళ్లు 16.6 శాతం తగ్గారని మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ లెక్క. స్పానిష్ ఇప్పటికీ మొదటి స్థానంలోనే ఉన్నా అదీ తగ్గింది. చిన్న కాలేజీలు డబ్బుకి ఇబ్బంది పడితే మొదట కోత పడేది భాషలకే. నర్సింగ్ విద్యార్థులకి వైద్య స్పానిష్ కోర్సు నేను చెబుతాను అని మీ అంతట మీరు అంటే డీన్ మొహం వెలిగిపోతుంది. అదేం తక్కువ పని కాదు, సాహిత్యం క్లాసుని బతికించేది అలాంటి కోర్సులే.

వీసా విషయం ఆఫర్ చేతికి వచ్చాకే ఎత్తండి, కానీ సంతకానికి ముందు. స్పానిష్ స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్ వగైరా) సబ్జెక్టు కాదు కాబట్టి మీకు ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, పన్నెండు నెలలే. లాభాపేక్ష లేని కాలేజీలకు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ లేదు, అది మీకు పెద్ద ఊరట. గ్రీన్‌కార్డుకి కాలేజీ అధ్యాపకులకు ప్రత్యేక పద్ధతి ఉంది, కానీ మిమ్మల్ని ఎంపిక చేసిన పద్దెనిమిది నెలల్లోపు దరఖాస్తు పడాలి. చిన్న కాలేజీల్లో హెచ్చార్ వాళ్లు ఇలాంటివి ఎప్పుడో ఒకసారి చూసి ఉంటారు, గడువు దాటిపోయాక నాలుక కరుచుకుంటారు. లాయరు ఖర్చు ఎవరిదన్నది కూడా రాతలోనే తీసుకోండి. ఈ నియమాలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

ఛైర్‌కి పెట్టాల్సిన ఈమెయిల్ మాత్రం ఈ వారమే వెళ్లాలి. ఆ పత్రం చదవకుండా రెండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా రాయకండి.